పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి బ్రాండెడ్ సిస్టమ్ కొనాలా, అసెంబుల్ చేయించుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒంగోలులో పెళ్లి వీడియోలు చేస్తారు. రెండు సోనీ ఏ7 ఫోర్ కెమెరాలు, ప్రీమియర్ ప్రోలో ఎడిటింగ్. ఇప్పుడున్న 8వ తరం ఐ5 సిస్టమ్‌లో టైమ్‌లైన్ కదలట్లేదు. చేతిలో లక్షా ముప్పై వేలు ఉన్నాయి. ఊళ్లో షోరూమ్‌లో ఒక బ్రాండెడ్ గేమింగ్ డెస్క్‌టాప్ చూపించారు: ఐ5-14400ఎఫ్, ఆర్‌టిఎక్స్ 4060, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ. స్నేహితుడేమో సికింద్రాబాద్ వెళ్లి అసెంబుల్ చేయించుకొమ్మంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నేను 2008 నుంచి ఖమ్మంలో వీడియో మిక్సింగ్ చేస్తున్నాను. సొంతానికి బ్రాండెడ్ రెండు కొన్నాను, అసెంబుల్డ్ ఐదో ఆరో కట్టించాను. రెండింటితోనూ ఏడ్చిన రాత్రులున్నాయి కాబట్టి ఏ పక్షమూ పట్టుకుని మాట్లాడను. కానీ షోరూమ్‌లో మీకు చూపించిన ఆ సిస్టమ్ మాత్రం మీ పనికి పనికిరాదు. అది బ్రాండెడ్ కావడం వల్ల కాదు. మీ కెమెరా ఫైల్‌ని అది సరిగ్గా చదవలేదు.

ముందు ఈ ఫైల్ సంగతి తేల్చుకోవాలి. చాలామంది ఇది వదిలేసి గ్రాఫిక్స్ కార్డు ఎన్ని జీబీ అని చూస్తారు. మీరు 4కె 25 ఫ్రేముల్లో, 10 బిట్ 4:2:2లో (రంగు వివరం ఎక్కువ దాచే పద్ధతి) తీస్తున్నానన్నారు. మీ కెమెరాలో 25 ఫ్రేములకి ఎక్స్‌ఎవిసి హెచ్‌ఎస్ (సోనీ వాడే హెచ్.265 ఫైల్ రకం) రాదు, మనం వాడే పాల్ మోడ్‌లో అది 50 ఫ్రేములకే ఉంటుంది. అంటే మీరు తీస్తున్నది ఎక్స్‌ఎవిసి ఎస్, సెకనుకి 140 మెగాబిట్‌లది. లోపల వీడియోని కుదించిన పద్ధతి హెచ్.264, కాకపోతే 10 బిట్ 4:2:2. మామూలు హెచ్.264ని పదేళ్ల నాటి ఫోన్ కూడా ఆడించేస్తుంది. ఈ 4:2:2 రకాన్ని మాత్రం చాలా హార్డ్‌వేర్ ముట్టుకోదు. ఇంటెల్ 11 నుంచి 14వ తరం ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే వీడియో ఇంజిన్ హెచ్.265 4:2:2ని బాగా ఆడిస్తుంది, హెచ్.264 4:2:2ని మాత్రం చదవదు. ఎన్విడియాలో 40 సిరీస్ వరకు ఈ రెండూ రావు. 2025లో వచ్చిన 50 సిరీస్ కార్డులు మొదటిసారి రెండింటినీ చదువుతున్నాయి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్‌కీ 4:2:2 రాదు.

ఇప్పుడు షోరూమ్ సిస్టమ్‌ని మళ్లీ చూడండి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది. అంటే అందులో గ్రాఫిక్స్ లేదు, గ్రాఫిక్స్ లేదంటే క్విక్ సింక్ కూడా లేదు (ఉన్నా మీ 25 ఫ్రేముల ఫైల్‌ని చదవదనుకోండి). కార్డేమో 4060, దానికి 4:2:2 రాదు. కాబట్టి మీ ఫుటేజీ భారం మొత్తం ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. రెండు కెమెరాల మల్టీకామ్ పెట్టి, పైన కలర్ వేశారంటే తలంబ్రాల షాట్ స్లైడ్ షోలా కనబడుతుంది. మీ పాత సిస్టమ్ కన్నా మెరుగ్గానే ఉంటుంది, కాదనను. కానీ లక్ష దాటి పెట్టాక కూడా ప్లేబ్యాక్‌ని పావు రిజల్యూషన్‌కి దించుకుని కూర్చోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

షోరూమ్ వాళ్లని తప్పుపట్టను. అది గేమ్స్ ఆడుకునే పిల్లల కోసం కట్టిన పెట్టె. వాళ్లకి ఎఫ్ ప్రాసెసర్ అయితే కొంత మిగులుతుంది, ఆటలో తేడా ఏమీ తెలియదు. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లతో ఉన్న మొదటి చిక్కు ఇదే. కొనేటప్పుడు మన పని ఏంటని ఎవరూ అడగరు. ఆఫీసుకొకటి, ఆటకొకటి, అంతే. ఎడిటింగ్ కోసమే కట్టిన వర్క్‌స్టేషన్లు డెల్, హెచ్‌పీ, లెనోవో ముగ్గురి దగ్గరా ఉన్నాయి, మంచివే. కానీ మీ బడ్జెట్‌లో వాటిలో వచ్చే ప్రాసెసర్, కార్డు చూస్తే నిరాశే.

రెండో చిక్కు పెట్టె లోపల ఉంటుంది. బయటి పేపర్ మీద రాయని చోటే కంపెనీలు డబ్బు మిగుల్చుకుంటాయి. 16 జీబీ అంటే చాలాసార్లు ఒకే స్టిక్కు, అంటే సింగిల్ చానెల్, ర్యామ్ వేగం తగ్గుతుంది. కూలర్ చూస్తే అరచేతి మందం ఉంటుంది. గేమ్‌కి అది సరిపోతుంది. మూడు గంటల పెళ్లి ఎక్స్‌పోర్ట్ పెడితే ఇరవై నిమిషాలకే వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఒంగోలు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? కొన్ని కంపెనీల పెట్టెల్లో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (పార్టులకి కరెంటు ఇచ్చే పెట్టె) కూడా వాళ్ల సొంత కొలతలతో, సొంత కనెక్టర్లతో వస్తాయి.

ఆ సొంత కనెక్టర్ నన్ను 2019 మాఘంలో ముంచింది. వారంటీ ముగిసి నాలుగు నెలలైన బ్రాండెడ్ సిస్టమ్, ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చాక ఆన్ కాలేదు. ఎస్‌ఎంపీఎస్ పోయిందని నాకు తెలుస్తూనే ఉంది. మామూలు సిస్టమ్ అయితే పక్క సందులో షాపు నుంచి ఒకటి తెచ్చి అరగంటలో బిగించుకునేవాణ్ణి. దానికేమో 24 పిన్నుల మామూలు కనెక్టర్ లేదు, క్యాబినెట్‌లో మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టే చోటూ లేదు. పార్ట్ రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా డిస్కులు విప్పి తమ్ముడి సిస్టమ్‌కి తగిలించుకుని మూడు పెళ్లిళ్లు ఇచ్చాను. నాలుగో పెళ్లివాళ్లు ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు.

అసెంబుల్డ్ అంటే స్వర్గమనీ అనుకోవద్దు. అంతకు రెండేళ్ల ముందు నేనే కట్టించిన ఒక సిస్టమ్ వారానికి రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోయేది. మదర్‌బోర్డు వాళ్లు ర్యామ్ తప్పన్నారు. ర్యామ్ వాళ్లు మార్చి ఇచ్చి ఎస్‌ఎంపీఎస్ చూడమన్నారు. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చిన షాపువాడు బాగానే ఉంది కదన్నా అన్నాడు. ఖమ్మం నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో నాలుగుసార్లు ఆ పెట్టె మోశాను, అదీ ఒడిలో పెట్టుకుని. చివరికి తేలింది ఎస్‌ఎంపీఎస్సే. కొనేటప్పుడు అందులో పదిహేను వందలు మిగుల్చుకున్నది నేనే, ఎవర్ని అంటాం?

బ్రాండెడ్‌లో మీరు డబ్బిచ్చి కొనేది ఆ మోత తప్పించుకోవడం. ఆన్‌సైట్ వారంటీ ఉంటే ఫోన్ చేస్తే మనిషి ఇంటికొస్తాడు, ఏ పార్ట్ తప్పో వాడే తేల్చుకుంటాడు. అసెంబుల్డ్‌లో ప్రతి పార్టుకీ వేరే వారంటీ: ప్రాసెసర్‌కి, బోర్డుకి సాధారణంగా మూడేళ్లు, మంచి ఎస్‌ఎంపీఎస్‌కి అయిదు నుంచి పదేళ్లు. కాగితం మీద బ్రాండెడ్ కంటే ఎక్కువే. కానీ ఏది పోయిందో కనిపెట్టే బాధ్యత మీది. కాబట్టి మీలో ఎవరికీ స్క్రూడ్రైవర్ పట్టే అలవాటు లేక, దగ్గర్లో నమ్మకమైన హార్డ్‌వేర్ మనిషీ లేకపోతే, నేను చెప్పే సిస్టమ్ ఎంత బాగున్నా మీకు అది తలనొప్పే. అప్పుడు బ్రాండెడ్‌కే వెళ్లండి, 50 సిరీస్ కార్డు ఉన్నది చూసుకుని.

మీ విషయంలో మాత్రం నా ఓటు అసెంబుల్డ్‌కే. దానికి అసలు కారణం మీ ప్రశ్న చివర్లో యథాలాపంగా రాసిన ఒక మాట. పాత సిస్టమ్‌లో ర్యామ్‌ని రెండేళ్ల కిందట 32 జీబీకి పెంచుకున్నానన్నారు, 16వి రెండు స్టిక్కులు. 8వ తరం కాబట్టి అది డీడీఆర్4. ఇప్పుడు ర్యామ్ ధరలు చూశారా? ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతుండటంతో 2025 చివరి నుంచి రేట్లు మండిపోతున్నాయి. మైక్రాన్ అయితే మనందరం కొన్న క్రూషియల్ ర్యామ్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. పెద్ద కంపెనీలు ముందే కొని పెట్టుకున్న ర్యామ్‌తో కట్టిన బ్రాండెడ్ సిస్టమ్‌లు కొన్నిసార్లు విడి పార్టుల కన్నా చవగ్గా దొరకడం ఈ మధ్య నేనే చూశాను. మీ దగ్గర ఆ 32 జీబీ లేకపోయి ఉంటే నా సలహా మారేదేమో.

ఉంది కాబట్టి ఇలా చేయండి. ఇంటెల్ బి760 చిప్‌సెట్ మదర్‌బోర్డులు డీడీఆర్5వీ ఉన్నాయి, డీడీఆర్4వీ ఉన్నాయి. డీడీఆర్4ది, నాలుగు ర్యామ్ స్లాట్లున్నది తీసుకోండి. మీ స్టిక్కులు అందులో కూర్చుంటాయి. ఎడిటింగ్‌లో డీడీఆర్5కీ దీనికీ తేడా మీ కంటికి తెలిసేంత ఉండదు. బ్రాండెడ్ పెట్టెలో ఈ వెసులుబాటు లేదు, వాళ్లిచ్చిన ర్యామ్‌కి డబ్బు కట్టాల్సిందే. కొత్త కోర్ అల్ట్రా 200 సిరీస్ మంచిదే కానీ దానికి డీడీఆర్5 తప్పనిసరి, మీకొద్దు. బి760 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది, రేపు ప్రాసెసర్ మార్చుకునే దారి ఉండదు అని ఎవరైనా అంటారు. నిజమే. పదిహేడేళ్లలో నేను బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చింది ఒకే ఒక్కసారి.

ప్రాసెసర్‌గా ఐ5-14500. అది దొరక్కపోతే 13500. షాపువాడు 14400 కూడా అదే కదా సార్ అంటాడు. కాదు. 14400లో యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్, వీడియో ఇంజిన్ ఒక్కటే. 14500లో యూహెచ్‌డీ 770, వీడియో ఇంజిన్లు రెండు. కోర్లు కూడా పదికి బదులు పద్నాలుగు. పెట్టె తెరవగానే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి, అది కౌంటర్ దగ్గరే. 13, 14 తరాల కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో వోల్టేజీ ఎక్కువై చిప్పు మెల్లగా పాడయ్యే సమస్య 2024లో బయటపడింది. దానికి దిద్దుబాటు ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో వచ్చిన మైక్రోకోడ్‌లో ఉంది, అది బయోస్ అప్‌డేట్‌తోనే వస్తుంది. షాపులో చాలాకాలం నిలవున్న బోర్డులో పాత బయోస్ ఉండొచ్చు. ఒకసారి చెడిన చిప్పుని ఏ అప్‌డేటూ బాగుచేయదు.

గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టిఎక్స్ 5060. మీ 25 ఫ్రేముల ఫుటేజీని హార్డ్‌వేర్‌లో చదివేది ఇదే, ప్రీమియర్ కూడా 2025 నుంచి దీన్ని వాడుకుంటోంది. మరి కార్డు ఉండగా క్విక్ సింక్ ఉన్న ప్రాసెసర్ ఎందుకు అంటారేమో. ఒకటి, కార్డు పోయిన రోజు మానిటర్ వైరు బోర్డుకి తగిలించి పని నడిపించుకోవచ్చు. రెండు, మన దగ్గర ఇంకా చాలామంది ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు, రేపు మీకు ఎవరి ఎడియస్ ప్రాజెక్టు పనైనా వస్తే అక్కడ క్విక్ సింక్ బాగా పనికొస్తుంది. వీడియో మెమరీ 8 జీబీ 4కె పెళ్లిళ్లకి సరిపోతుంది. నాయిస్ తగ్గించే ప్లగిన్లు బాగా వాడితే, డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాలనుంటే, డబ్బు మిగిలితే, 16 జీబీ ఉన్న 5060 టీఐ. డావిన్సీ అంటే గుర్తొచ్చింది, ఉచితంగా వచ్చేదాంట్లో విండోస్ మీద మీ 10 బిట్ ఫైళ్లకి ఈ హార్డ్‌వేర్ సాయం దక్కదు, 295 డాలర్ల స్టూడియో కొనాలి. అది ఒక్కసారి కొంటే చాలు.

ఎస్‌ఎస్‌డీ దగ్గర మాత్రం షోరూమ్ లెక్క చూస్తే నవ్వొచ్చింది. 140 మెగాబిట్‌లు అంటే సెకనుకి 17.5 ఎంబీ, గంటకి 63 జీబీ. రెండు కెమెరాలు చెరో నాలుగు గంటలు తిరిగితే 504 జీబీ. వాళ్లిచ్చే 512లో విండోస్, అడోబీ పోగా ఒక్క పెళ్లి కూడా పట్టదు! 1 టీబీ ఎన్‌విఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి విండోస్‌కీ క్యాష్‌కీ, ఇంకో 1 టీబీ నడుస్తున్న పెళ్లికి, పూర్తయినవి మీ పాత 4 టీబీ హార్డ్ డిస్కుకి. జెన్5 లాంటి ఖరీదైనవి వద్దు. సెకనుకి 17.5 ఎంబీ అడిగే ఫైల్‌కి సెకనుకి పదివేల ఎంబీ ఇచ్చే డిస్కు ఎందుకు? మీ టైమ్‌లైన్ ఆగుతున్నది డిస్కు వల్ల కాదు, ఫైల్‌ని విప్పడం దగ్గర.

ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లది, పేరున్నది, కనీసం అయిదేళ్ల వారంటీ ఉన్నది. నా కథ విన్నారుగా. కూలర్ ప్రాసెసర్‌తో వచ్చేది పక్కన పెట్టి, టవర్ లాంటిది విడిగా కొనండి. క్యాబినెట్‌కి ముందు వైపు జాలీ ఉండాలి. అద్దాలు, రంగురంగుల లైట్లు మీ ఇష్టం. నా ఎడిటింగ్ గదిలో మాత్రం ఆ లైట్లు తీసేశాను, గోడ మీద రంగు మారుతుంటే పెళ్లికూతురి చీర రంగు ఎలా సరిచేస్తాం?

ఎక్కడ కట్టించాలి అంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరం సీటీసీ అనేది, ఇప్పటికీ మనకి పెద్ద దిక్కు. ఒంగోలుకి చెన్నై రిచీ స్ట్రీట్ కూడా ఇంచుమించు అంతే దూరం. నాలుగు షాపుల్లో ఒక్కో పార్టు చవగ్గా ఏరుకోకండి. అదే నేను చేసిన తప్పు. మొత్తం ఒకే షాపులో కొని, వాడిచేతే బిగించి, జీఎస్టీ బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబర్ రాయించుకోండి. రెండు మూడు వేలు ఎక్కువైనా సరే, రేపు ఏది పోయినా ఒకే గుమ్మం ఎక్కుతారు. బిల్లు లేకుండా ఆరు వేలు తగ్గిస్తానంటే ఆ కార్డు వారంటీ మీద ఆశ వదులుకోండి. మీకు జీఎస్టీ నంబర్ ఉంటే, కాంపోజిషన్ స్కీములో లేకపోతే, బిల్లులోని 18 శాతం క్రెడిట్‌గా వెనక్కి కూడా వస్తుంది. బ్రాండెడ్‌కైనా అంతే.

వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీ కెమెరా క్లిప్పులు రెండు, ప్రీమియర్ లాగిన్ వివరాలు పట్టుకెళ్లండి. బిగించాక అక్కడే ప్రీమియర్ దించుకుని క్లిప్ ఆడిస్తూ టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ నొక్కితే వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. క్లిప్ ఆడుతున్నంతసేపూ ఆ గీత లేస్తూ ఉండాలి. అది నేలకి అతుక్కుని సీపీయూ గీత మాత్రం నెత్తికెక్కుతోందంటే హార్డ్‌వేర్ పనిచేయట్లేదు, డబ్బు ఇవ్వకముందే అడగండి. జీపీయూ అన్నది ఒక్కటే కనబడితే బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఆన్ చేయించండి. విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు దాన్ని నిద్రపుచ్చుతాయి. ఆ ఒక్క సెట్టింగ్ తెలియక ఏడాదిపాటు క్విక్ సింక్ లేకుండా ఎడియస్ నడిపిన వాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

మ్యాక్ మినీ గురించి మీ ప్రశ్న కింద ఒకాయన అడిగారు. ఎం4 మినీ 2024లో 59,900కి వచ్చినప్పుడు నేనూ ఒకటి తెచ్చుకున్నాను, ప్రయాణాల్లో రీల్స్ కట్ చేయడానికి. 4:2:2 హెచ్.265 వెన్నలా ఆడిస్తుంది, చప్పుడుండదు, కరెంటు తాగదు. ఎడియస్ దాని మీద నడవదు. ర్యామ్ పెంచుకోలేం. ప్రీమియర్ తప్ప వేరే వాడనివాళ్లు దాన్ని తీసిపారేయక్కర్లేదు, కానీ మీ దగ్గర పాత ర్యామ్, డిస్కు ఉన్నాయి కాబట్టి ఇక్కడ దాన్ని లెక్కలోకి తేలేదు.

తొందర ఉండి ఇప్పుడే కొనలేకపోతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసే తేలికైన నకలు ఫైళ్లు) చేసుకోండి. రాత్రి పడుకునే ముందు మీడియా ఎన్‌కోడర్‌కి అప్పగిస్తే పొద్దున్నకి ప్రోరెస్ ప్రాక్సీ ఫైళ్లు తయారుగా ఉంటాయి, మీ 8వ తరం ఐ5 కూడా వాటిని ఆడిస్తుంది. డిస్కులో చోటు కావాలి, అంతే. అలా ఈ సీజన్ లాగించి, మూఢంలోనో ఆషాఢంలోనో పెళ్లిళ్లు లేనప్పుడు తాపీగా వెళ్లి కట్టించుకోవడం ఇంకా మంచిది. ముహూర్తాల మధ్య కొత్త సిస్టమ్ మీదికి మారి, ప్లగిన్లు పనిచేయక టెన్షన్ పడటం నా వల్ల కాదు బాబూ.

యూపీఎస్ సంగతి అడగలేదు గానీ చెప్తాను. మీ దగ్గరున్నది 600 వీఏ అన్నారు, అది మామూలుగా 360 వాట్లే మోస్తుంది. 14500 గట్టిగా నడిస్తే 154 వాట్లు, 5060 కార్డు 145, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, మానిటర్ కలిపితే దాని హద్దు దాటుతుంది. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని సిస్టమ్‌తో సహా ఆరిపోతుంది. 1100 వీఏ తీసుకోండి, వీలైతే ప్యూర్ సైన్ వేవ్. ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే దాని ప్లగ్గులో ఈ సిస్టమ్‌ని పెట్టొద్దు. పాత 600 దాన్ని అమ్మేయకండి, మోడెమ్‌కీ హార్డ్ డిస్క్ డాక్‌కీ పనికొస్తుంది.